పోచంపల్లి, నల్లమల, సోమశిల: పర్యాటక పరిశోధనకు ఏ ఊరు పట్టుకోవాలి?

సుస్థిర పర్యాటకం మీద పీజీ ప్రాజెక్టో, పీహెచ్‌డీనో మొదలుపెట్టిన పిల్లలు సినాప్సిస్ రాసే రోజుల్లో నాకు ఫోన్ చేస్తుంటారు. అప్పటికి టాపిక్ దాదాపు ఖాయమై ఉంటుంది, గైడ్ కూడా సరే అని ఉంటారు. 'అధ్యయన ప్రాంతం' అనే శీర్షిక దగ్గరే పెన్ను ఆగిపోతుంది. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కడికి పోవాలక్కా అని అడుగుతారు. సగం మంది ఒక పేరు అనుకునే ఫోన్ చేస్తారు. ఆ పేరు పోచంపల్లి.

నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఆ ఊరికి ఏడాదిలో ఎన్నిసార్లు పోగలవు? చాలామంది రెండుసార్లని, ఎక్కువంటే మూడని చెబుతారు. అందుకే ఇది రాస్తున్నాను. పర్యాటక స్థలం ఆదివారం ఒక తీరుగా, మంగళవారం ఒక తీరుగా ఉంటుంది. సాగర్ గేట్లు ఎత్తిన వారం వేరు, ఎండాకాలం వేరు. ఒకసారి పోయి వంద ప్రశ్నావళులు నింపుకొస్తే మన చేతికి వచ్చేది ఆ ఒక్కరోజు ముచ్చటే. సుస్థిరం అంటేనే కాలానికి నిలిచేది. దాన్ని కొలవాలంటే మనమూ కొంతకాలం అక్కడ కనపడాలి. ఊరి ఎంపికలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే: మూడోసారి పోయినప్పుడు మనల్ని పేరుతో పిలిచే మనిషి ఒకరైనా అక్కడ ఉంటారా?

పోచంపల్లి: దారి సులువు, ప్రశ్న దొరకడం కష్టం

భూదాన్ పోచంపల్లి 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరిలోకి వచ్చింది గానీ మా తరానికి అది నల్లగొండ ఊరే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఇక్కడే. ఇక్కడి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. హైదరాబాద్ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఒక సెమిస్టర్‌లో ప్రాజెక్టు ముగించాల్సినవాళ్ళకు ఇంతకంటే వీలైన చోటు లేదు.

చిక్కేమిటంటే, ఆ వీలు అందరికీ తెలుసు. నా ప్రాజెక్టు రోజుల్లో నేను కూడా నాలుగు పేజీల ప్రశ్నావళి పట్టుకుని ఒక నేతన్న ఇంటికి పోయాను. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని, రంగు అద్దే ముందు నూలుకు చిటికి కడుతోంది. మూడు ప్రశ్నలు విన్నాక, "పోయిన నెల ఇద్దరొచ్చిండ్రు బిడ్డా, ఇవే అడిగిండ్రు. రాసుకపోయినోళ్ళు మళ్ళ కనపడలే" అంది. తర్వాతి ప్రశ్నలకు ఆమె చెప్పిన జవాబులన్నీ నేను వినాలనుకున్నవే. పర్యాటకం వల్ల ఆదాయం పెరిగిందా? పెరిగింది. సంతోషంగా ఉన్నారా? ఉన్నాం. ఆ కాగితాలు నేను వాడలేదు. అలవాటైపోయిన జవాబుల్లోంచి నిజం తీయడం ప్రశ్నావళితో అయ్యే పని కాదని అక్కడే తెలిసింది.

పోచంపల్లే కావాలంటే ప్రశ్న మార్చండి. 'పర్యాటకుల సంతృప్తి' అనే మాట పక్కన పెట్టి డబ్బు వెంట నడవండి. వారాంతంలో నగరం నుంచి వచ్చిన కుటుంబం ఒక చీర కొంటే అందులో దుకాణానికి ఎంత, మాస్టర్ వీవర్‌కు ఎంత, కూలికి నేసిన మనిషికి ఎంత, ఆసు పోసిన (నేతకు ముందు నూలును పిన్నుల చుట్టూ తిప్పి సిద్ధం చేసిన) ఆడమనిషికి ఎంత? పర్యాటక శాస్త్రంలో లీకేజీ అనేది ఇదే, స్థానికంగా ఖర్చయినట్టు కనపడే రూపాయి ఊరు దాటి పోవడం. మగ్గం మీద నేసిన గుడ్డ, దాన్ని పోలిన అచ్చు గుడ్డ ఒకే వీధిలో పక్కపక్కన దొరికే చోట ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చిన సంగతి అందరూ రాస్తారు. ఆ యంత్రం వల్ల ఇంట్లో ఆడవాళ్ళకు మిగిలిన గంటలు ఎటు పోయాయి, వచ్చేపోయే పర్యాటకులకు ఆ పని చూపించడం వాళ్ళకు బరువా, ఊరటా అనేది మాత్రం ఊళ్ళో కూర్చుని వినాల్సిన విషయం.

ఇంకొక దారి ఉంది. పోచంపల్లిని వదిలి సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక పట్టుకోవడం. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాల్ అక్కడిదే, దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లికి ఉన్న పేరు, బోర్డులు, చేనేత పార్కు పుట్టపాకకు లేవు. రెండు ఊళ్ళదీ మగ్గమే. ఒకటి పర్యాటక గ్రామమైంది, ఒకటి కాలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి నేతకారుల ఆదాయం పోల్చితే పర్యాటకం ఏం చేసింది, నేత తనంతట తాను ఏం చేసింది అన్నది విడదీసి చూడవచ్చు. పోచంపల్లి ఒక్కదాన్నే తీసుకుంటే ఆ విడదీత కుదరదు. ఒక్క జాగ్రత్త: గుంట మగ్గాల్లోకి నీళ్ళొచ్చే వానల రోజుల్లో పోకండి. పని ఆగి, కూలి పోయి, వాళ్ళు టెన్షన్‌లో ఉన్నప్పుడు మన ప్రశ్నలకు చోటుండదు.

నల్లమల: అందరికీ ఇష్టమే, అందరూ పోవద్దు

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్, మల్లెల తీర్థం, ఉమామహేశ్వరం, అడవిలో చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న చిన్న ఆవాసాలు. ఎకో టూరిజం అనగానే మనసు ఇటే పోతుంది. నాదీ పోయింది. కానీ పీజీ ప్రాజెక్టుకు నల్లమల తీసుకుంటానంటే మాత్రం నేను వద్దనే అంటాను.

మొదటి కారణం అనుమతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలోకి పరిశోధనకు పోవాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. దరఖాస్తు, గైడ్ లేఖ, ప్రశ్నావళి కాపీ, మధ్యలో వివరణలు. ఇవన్నీ తిరిగి చేతికి వచ్చేలోపు సెమిస్టర్ దాటిపోవచ్చు. ఆపైన వానాకాలంలో సఫారీ మూసేస్తారు. హైదరాబాద్–శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేట్లు పడతాయి, సాయంత్రం ఇంటర్వ్యూ కాస్త సాగితే ఆ రాత్రికి ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి.

రెండో కారణం పెద్దది. చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించింది. వాళ్ళకు పర్యాటకం, పునరావాసం రెండూ ఒకే దారిలో ఎదురవుతున్నాయి. పులుల కోసం ఉంచిన కోర్ ఏరియా నుంచి బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ అంటున్నారు. సఫారీ జీపులో అదే అడవి చూడటానికి బయటివాళ్ళు వస్తున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ ఒప్పుకోలు గురించి ఏం చెబుతుందో చదవకుండా ఈ పెంటల్లోకి అడుగుపెట్టి "ఎకో టూరిజం మీద మీ అభిప్రాయం?" అని అడగడం తప్పు. తేనె, తపసి జిగురు, చింతపండు ఏరుకునే మనిషికి ఆ ప్రశ్న 'ఇక్కడే ఉంటారా, పోతారా' అన్నట్టు వినపడుతుంది. ఆ బరువు తెలిసినవాళ్ళు, రెండు మూడేళ్ళు వెచ్చించగలిగినవాళ్ళు, మన్ననూరు ఐటీడీఏకూ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆ తర్వాత పెంట పెద్దకూ తమ పని ఏమిటో విడమరిచి చెప్పి ఒప్పించగలిగినవాళ్ళు మాత్రమే పోవాలి. వాళ్ళకు నల్లమలను మించిన చోటు లేదు. 2019లో యురేనియం అన్వేషణ మీద ఇక్కడ జనం గట్టిగా నిలబడ్డారు, ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం కూడా చేసింది. తమ అడవి గురించి మాట్లాడటం వాళ్ళకు మనం నేర్పాల్సింది కాదు.

పీహెచ్‌డీ పిల్లలకు ఇక్కడ ఒక చిన్న, గట్టి అంశం ఉంది. సలేశ్వరం జాతర. చైత్ర పౌర్ణమి వేళ, ఏడాదిలో కొన్ని రోజులే లోయలోని జలపాతం దగ్గరి లింగమయ్యను చూడనిస్తారు. పూజారులు చెంచులే. "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటూ దిగేవాళ్ళు, "పోతన్నం" అంటూ ఎక్కేవాళ్ళు, ఇరుకు దారిలో ఒకళ్ళనొకళ్ళు ఒత్తుకుంటూ. ఎంతమంది వచ్చారు, ఎంత చెత్త మిగిలింది, దాన్ని ఎవరు ఎన్ని రోజులు ఏరారు, దుకాణం పెట్టుకున్నవాళ్ళలో చెంచులెందరు? చోటు చిన్నది, రోజులు లెక్కపెట్టినవి, కొలత సాధ్యం. తప్పితే మాత్రం ఇంకో ఏడాది ఆగాలి. నాకు తెలిసిన ఒకమ్మాయి అనుమతి కాగితం జాతర అయిపోయిన నాలుగో రోజున వచ్చింది. ఆమె ఏడుపు నేను విన్నాను. చైత్రంలో జాతర ఉంటే దసరాకే దరఖాస్తు పెట్టండి.

సోమశిల: నా ఓటు ఇక్కడికే

నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపు. ఒడ్డున గుడి, ముందర కృష్ణ. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో ఆధ్యాత్మిక, వెల్‌నెస్ విభాగంలో ఈ ఊరు నిలిచింది. అంతకుముందు 2015–16లోనే కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద మహబూబ్‌నగర్ ఎకో సర్క్యూట్‌కు 91 కోట్లకు పైగా మంజూరైంది, సోమశిల, సింగోటం, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం, మల్లెల తీర్థం అందులోవే. ఆ జాబితా పట్టుకుని ఒక్కో కట్టడం దగ్గరికి నడిచి, వాడుకలో ఉందా, తాళం పడి ఉందా, నడిపేది ఎవరు, అందులో స్థానికులెందరు అని రాసుకున్నా ఒక మంచి ప్రాజెక్టు అవుతుంది.

కానీ నేను సోమశిల అనేది ఇంకో కారణానికి. సోమశిలకూ అవతలి సిద్ధేశ్వరానికీ మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. వంతెన నిలబడ్డ రోజున ఈ ఊరు మారిపోతుంది. ఇవాళ దారి ఇక్కడితో ఆగుతుంది, కావాలనుకున్నవాళ్ళే వస్తారు. అప్పుడు ఇది రెండు రాష్ట్రాల బండ్లు దాటిపోయే దారి అవుతుంది. బట్లర్ అనే పరిశోధకుడు 1980లో చెప్పిన పర్యాటక స్థల జీవన చక్రం (ఒక చోటు వెలుగులోకి రావడం, పెరగడం, నిలిచిపోవడం, వాడిపోవడం) మనమంతా పరీక్షల్లో గీసిన గీతే. ఒక ఊరు ఆ గీతలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కే ముందరి లెక్కలు మన దగ్గర దాదాపు ఎక్కడా లేవు. హోమ్‌స్టేలు ఎన్ని, పడవలు ఎవరివి, గజం ధర ఎంత, చెత్త ఎక్కడ పోస్తున్నారు, వేసవిలో తాగునీళ్ళు ఎన్ని రోజులకు ఒకసారి వస్తున్నాయి. ఇవి ఇప్పుడు రాసిపెడితే పదేళ్ళ తర్వాత ఇంకొకరు పోల్చి చూస్తారు. మీ థీసిస్‌కు అంతకంటే మంచి వాడకం ఏముంటుంది!

ఇక్కడ పర్యాటకాన్ని నడిపేది నీటిమట్టం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు లాంచీ విహారం. నీళ్ళు తగ్గినప్పుడు అవతలి ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరం బయటపడుతుంది, పడవల్లో జనం దాటుతారు. ఒక్క సీజన్‌లో పోయినవాళ్ళకు సగం ఊరే కనపడుతుంది. పడవ భద్రత గురించి అడిగేటప్పుడు మెల్లగా అడగండి. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు, ఆ ఇళ్ళు ఇక్కడ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఇంకొకటి తెలుసుకుని పోవాలి. ఈ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టులో రెండు జిల్లాల్లో కలిపి వందకు పైగా గ్రామాలు పోయాయి. గుళ్ళను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చారు, కొల్లాపూర్ మాధవస్వామి గుడి అలా మంచాలకట్ట నుంచి వచ్చిందే. మనుషులకు అంత జాగ్రత్త దక్కలేదు. మీరు 'పర్యాటకాభివృద్ధి' అనగానే పెద్దమనుషులు "98 జీఓ కింద మా పిలగానికి నౌకరీ ఇంకా రాలే" అని మొదలుపెడతారు. ముంపు కుటుంబానికో ఉద్యోగం అన్న 1986 నాటి ఉత్తర్వు అది. నా మొదటి ఇంటర్వ్యూల్లో నేను అది విషయం కాదనుకుని మాట మళ్ళించాను. నోట్స్ తిరగేస్తే తెలిసింది, ప్రతి ఇంట్లోనూ అదే ఉంది. ఒకసారి అభివృద్ధి పేరుతో ఊరు పోగొట్టుకున్నవాళ్ళు రెండోసారి ఆ మాట వింటే ఏమనుకుంటారు? వంతెన, కాటేజీలు, రిసార్ట్‌కు భూమి అన్నప్పుడు వాళ్ళ భయం అక్కడి నుంచే వస్తుంది. ఇది మీ థీసిస్‌లో ఒక పేరా కాదు, ఒక అధ్యాయం. చేపలు పట్టేవాళ్ళ సంగతీ అంతే. చేపపిల్లలను కూడా వదలని అలివి వలల మీద స్థానిక మత్స్యకారులకూ బయటి నుంచి వచ్చినవాళ్ళకూ గొడవలున్నాయి. పర్యాటక లాంచీలకు రేవు ఇచ్చినప్పుడు చిన్న పుట్టి మనిషికి ఎక్కడ చోటు మిగిలిందో చూడండి.

కష్టం కూడా చెప్పాలి. హైదరాబాద్ నుంచి నూట ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, పొద్దున పోయి సాయంత్రం రావడం కుదరదు. కొల్లాపూర్‌లోనో ఊళ్ళోనో ఒక గది చూసుకోవాలి. పాలమూరు విశ్వవిద్యాలయం పిల్లలకు ఇది దగ్గర, ఈ ఊరు వాళ్ళే పట్టుకుంటే బాగుంటుందని నా కోరిక.

మిగతావి, క్లుప్తంగా

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు చక్కటి చోటు. దాదాపు ఏడు వందల ఏళ్ళ మర్రి, మూడెకరాలకు పైగా ఊడలు. కొమ్మల మీద ఎక్కి ఊగారు, పేర్లు చెక్కారు, చెదలు తిన్నాయి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలాక సందర్శకులను ఆపేశారు, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఒక చోటు ఎంతమందిని మోయగలదు అనే లెక్కకు సిఫ్యుయెంటెస్ అనే పరిశోధకుడు 1992లో ఇచ్చిన సూత్రం ఉంది. దాన్ని ఒక్క చెట్టుకు అన్వయించి చూడండి. ప్రశ్న చిన్నది, జవాబు జిల్లా అధికారులకు అక్కరకొచ్చేది.

నాగార్జునసాగర్ అయితే పాలన, విధానాల వైపు ఆసక్తి ఉన్నవాళ్ళకు. డ్యాం, 2022లో తెరిచిన 274 ఎకరాల బుద్ధవనం, నీళ్ళ మధ్య నాగార్జునకొండ మ్యూజియం. ఒక జలాశయం, రెండు రాష్ట్రాలు, అనేక శాఖలు. ఏ శాఖ దగ్గర ఏ రికార్డు ఉందో తేల్చుకునేసరికే నెలలు పడతాయి. ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఓపిక లేకపోతే వద్దు. యాదగిరిగుట్ట 2022 మార్చిలో పునఃప్రారంభమయ్యాక జనం అంతా ఇంతా కాదు, ఒక్క విద్యార్థి శాంపిల్‌కు లొంగే చోటు కాదది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, చరిత్ర చదివినవాళ్ళ చేతిలో బాగుంటుంది.

డబ్బు, బస్సు, భాష

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్ళకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది లేనివాళ్ళే మనలో ఎక్కువ. ఫెలోషిప్ లేకుండా సోమశిలకు ఏడాదిలో ఆరుసార్లు పోవాలంటే గది, తిండి, చార్జీలు ముందే కాగితం మీద వేసుకోండి. అమ్మాయిలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. మా రోజుల్లో ఇది లేక ఫీల్డ్‌వర్క్ కుదించుకున్న అమ్మాయిలను చూశాను. ఇప్పుడు ఆ వీలుంది కాబట్టి దూరపు ఊరే తీసుకోండి. చేతిలో డబ్బు, సమయం రెండూ తక్కువైతే పిల్లలమర్రి గానీ, పోచంపల్లి–పుట్టపాక జత గానీ ఎంచుకోండి. మూడేళ్ళు ఉన్నాయి, గైడ్ మీ వెంట ఉన్నారు అంటే సోమశిల. అడవిలో ఇప్పటికే మీకు తెలిసినవాళ్ళుంటే, చెంచులతో కలిసి పనిచేసిన అనుభవం ఉంటే నల్లమల. ఏది తీసుకున్నా ముందు మన దేశపు థీసిస్‌లన్నీ పెట్టే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఆ ఊరి పేరుతో వెతకండి. అదే ప్రశ్నతో థీసిస్ కనపడితే ఊరు కాదు, ప్రశ్న మార్చుకోండి.

మొదటిసారి పోయేటప్పుడు ప్రశ్నావళి తీసుకుపోవద్దు. పంచాయతీ ఆఫీసులో మీరెవరో చెప్పి, చాయ్ హోటల్ దగ్గర కూర్చుని, ఆ రోజు ఎన్ని బండ్లు వచ్చాయో లెక్కపెట్టుకుని రండి. రెండోసారి ఒకరిద్దరితో మాట్లాడండి. ప్రశ్నలు అప్పుడు రాసుకోండి, తెలుగులో, వాళ్ళు మాట్లాడే మాటలతో. 'స్థానిక సమాజ భాగస్వామ్యం' అంటే సోమశిలలో ఎవరికీ ఎక్కలేదు. "లాంచీ టికెట్ పైసలల్ల ఊరికేమన్న వస్తున్నయా?" అన్నప్పుడు రేవు దగ్గరున్న నలుగురూ ఒకేసారి మాట్లాడారు.

"ఈ సర్వే రాసుకపోతే మాకేమొస్తది?" అని ఎక్కడైనా అడుగుతారు. ఏదో వస్తుందని ఆశ పెట్టకండి. థీసిస్ అయ్యాక రెండు పేజీల్లో తెలుగులో రాసి తెచ్చి పంచాయతీలో చదివి వినిపిస్తానని చెప్పండి, ఆ తేదీ మీ డైరీలో వైవా తేదీ పక్కనే రాసుకోండి. నేను ఆ రెండు పేజీలు తీసుకుని పోయిన రోజున రేవు దగ్గర ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి, "మళ్ళొచ్చినవా బిడ్డా, కూసో" అని తన పుట్టి బోర్లించి చోటు చూపించాడు. నేను రాసిన దాంట్లో వేసవి పడవల లెక్క తప్పని చెప్పి, ఆ తప్పు దిద్దించింది కూడా ఆయనే.